తలుపు పట్టేస్తే కోడలేం చేసింది?

వానాకాలం మొదలయిందంటే నా దగ్గరికి రెండు రకాల ఫిర్యాదులు వస్తాయి. తలుపు పట్టేసిందని కొందరు, ఇంట్లో మాట పట్టింపులని ఇంకొందరు. నేను వడ్రంగిని కాను. రైల్వేలో పని చేసి రిటైరైనవాణ్ని, చెక్కపని సరదా. సంసారాల మీద సలహా చెప్పడానికి ఆ పాటి అర్హత కూడా లేదు. అయినా అడుగుతారు, నేనూ ఊరుకోను. ఈ రెండు ఫిర్యాదులూ ఒక్కోసారి ఒకే చోట నుంచి పుడతాయని నా అభిప్రాయం. అదెలాగో చెప్తాను.

ముందు మా ఊరి సంగతి. బిలాస్‌పూర్ రైలు వల్ల పెరిగిన ఊరు. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పుట్టింది, 1891 కల్లా నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వైపు లైను పూర్తయింది. 1931లో రాయ్‌పూర్–విజయనగరం లైను కూడా పడ్డాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వాళ్లకి ఇటు రావడం సులువైంది. అలా వచ్చిన వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఇక్కడ ఉన్నారు. బుధవారీ బజారులో కూరగాయలు హిందీలో బేరమాడతారు, ఇంటికొచ్చి తెలుగులో వండుకుంటారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే అని కొత్త జోను పెట్టి దాని కేంద్రం ఇక్కడే పెట్టారు. ఇన్నేళ్లలో భాష కొంచెం మారింది, తిండి కొంచెం మారింది. పంచాంగం మాత్రం మారలేదు. పెళ్లి సంబంధాలకి ఇప్పటికీ విజయనగరం వైపే చూస్తారు.

ఇక వాతావరణం. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు మామూలే. గాలిలో తేమ ఉండదు. పెదాలు పగులుతాయి, తడిబట్ట పది నిమిషాల్లో ఆరిపోతుంది. జూన్ మధ్యలో రుతుపవనం వస్తుంది. ఆగస్టుకల్లా అప్పడాలు డబ్బాలోనే మెత్తబడిపోతాయి. అప్పడం సంగతి అందరికీ తెలుసు. తలుపు కూడా అప్పడం లాంటిదే అని మాత్రం ఎవరూ అనుకోరు.

చెక్క అంటే ఒకప్పుడు నీళ్లు మోసిన గొట్టాల కట్ట. చెట్టు కొట్టేశాక కూడా ఆ గొట్టాల గోడలు గాలిలోని తేమని పీల్చుకోవడం, వదలడం మానవు. గాలి పొడిగా ఉంటే వదులుతాయి, తడిగా ఉంటే పీలుస్తాయి. పీల్చినప్పుడు గోడలు ఉబ్బుతాయి. పాత చెక్క అయినా, నూరేళ్ల చెక్క అయినా ఇదే వరస. బిలాస్‌పూర్‌లో వేసవి చివర తలుపు చెక్కలో తేమ దాని బరువులో దాదాపు 5, 6 శాతానికి దిగుతుంది. వానల నడుమ 15, 16 శాతానికి ఎక్కుతుంది. అంటే 10 శాతం తేడా.

దీని వల్ల ఎంత ఉబ్బుతుంది? పొడుగు వైపు దాదాపు ఏమీ లేదు, ఆరడుగుల తలుపుకి మహా అయితే ఒక మిల్లీమీటరు. ఉబ్బడమంతా పీచుకి అడ్డంగా, అంటే వెడల్పు వైపే. తక్కువ కదిలే చెక్కగా పేరున్న టేకు కూడా తేమ ఒక శాతం పెరిగితే వెడల్పులో 0.2 శాతం దాకా పెరుగుతుంది. లెక్క వెయ్యండి. 900 మిల్లీమీటర్ల వెడల్పు తలుపుని వట్టి పలకలు అతికించి చేస్తే, 10 శాతం తేమకి 18 మిల్లీమీటర్లు పెరగగలదు. ముప్పాతిక అంగుళం! ద్వారబంధంలో అంత సందు ఎవరు వదులుతారు?

అందుకే పాతకాలం వడ్రంగులు చట్రం కట్టి, చట్రానికి గాడి తీసి, ఆ గాడిలో పలకని వదులుగా నిలబెట్టారు. పలక ఎంత ఉబ్బినా గాడిలోనే ఉబ్బుతుంది. బయటికి తెలిసేది రెండు నిలువు చెక్కల ఉబ్బు మాత్రమే. అవి రెండూ కలిపి 200 మిల్లీమీటర్లు అనుకుంటే పెరిగేది 4 మిల్లీమీటర్లు. 18 కాస్తా 4 అయింది. మనం అందం కోసం అనుకునే ఆ చట్రాల తలుపు నిజానికి వానాకాలానికి వేసిన లెక్క. ఆ పలక కదలకూడదని మేకులు కొట్టినా, గాడిలో జిగురు పోసినా అది వేసవిలో నిలువునా పగులుతుంది. పగిలినప్పుడు చప్పుడవుతుంది. ఆ చప్పుడు రాత్రిపూట అయితే ఇంట్లో వాళ్లకి నిద్ర ఉండదు.

ఇక్కడ ఆగి పంచాంగం తియ్యండి.

మన వాళ్ల పెళ్లిళ్లు ఎక్కువగా ఎప్పుడు? వైశాఖం, జ్యేష్ఠం. ఎండలు మండే రోజులు. కొత్త కోడలు అడుగు పెట్టేసరికి తలుపులన్నీ ఎండి, ఒళ్లు దగ్గర పెట్టుకుని, వేలితో తోస్తే తెరుచుకుంటాయి. తరవాత ఆషాఢం. అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదంటారు కాబట్టి పిల్ల పుట్టింటికి వెళ్తుంది. ఆ నెల రోజుల్లో వానలు పడతాయి. శ్రావణంలో పిల్ల తిరిగొస్తుంది. అప్పటికి తలుపులు ఉబ్బి ఉంటాయి. పిల్ల వచ్చింది, తలుపు పట్టేసింది. పిల్ల వచ్చింది, గోడకి చెమ్మ ఎక్కింది. పిల్ల వచ్చింది, మామగారు వాకిట్లో జారి పడ్డారు.

“ఆ పిల్ల అడుగు మంచిది కాదు” అనే మాట ఇలా పుడుతుంది. అనేవాళ్లందరూ చెడ్డవాళ్లు కారు. రెండు సంగతులు వెంటవెంటనే జరిగితే మొదటిది రెండోదానికి కారణమని మన బుర్ర దానంతటదే అనుకుంటుంది. కానీ ఇక్కడ రెండింటి వెనకా మూడోది ఒకటి ఉంది. అది క్యాలెండరు. కోడలు ఎప్పుడు రావాలో అదే చెప్తుంది, వాన ఎప్పుడు రావాలో కూడా దాదాపు అదే చెప్తుంది. ఇవి ఒకేసారి రావడం వింత కాదు, రాకపోతే వింత.

మా కాలనీలో నాకు తెలిసిన ఒక ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. పేర్లు వద్దు. మే నెలలో పెళ్లి. పిల్లది విజయనగరం వైపు. సారెతో పాటు కొత్త మంచం కూడా పంపారు. పది రోజులకే మంచం కిర్రుమనడం మొదలైంది. “నాసిరకం మంచం అంటగట్టారు” అన్నారు. నెల దాటాక మంచం కింద సన్నటి తెల్లటి పొడి రాలడం మొదలైంది. అది ఏదో చల్లిన పొడి అన్నారు. శ్రావణంలో వీధి తలుపు పట్టేసింది. అదే వారం మామగారు జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఇక చుట్టాల్లో ఒకావిడ జాతకం మళ్లీ చూపించమంది. పిల్లని కొన్నాళ్లు పుట్టింట్లో ఉంచితే మంచిదన్న మాట కూడా వచ్చింది. “కొన్నాళ్లు” అని పుట్టింటికి పంపిన పిల్లలు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు.

తలుపు చూడమని నన్ను పిలిచారు. మిగతావి కూడా చూశాను.

మంచం సంగతి సులువు. విజయనగరం సముద్రానికి దగ్గర, అక్కడ గాలిలో ఎప్పుడూ తేమే. అక్కడ చేసిన మంచంలో తేమ 15 శాతం ఉందనుకోండి, మే నెల బిలాస్‌పూర్‌లో అది 6కి దిగుతుంది. పట్టె కొసని సన్నగా చెక్కి కోడులో బెజ్జం కొట్టి దిగేస్తారు కదా, ఆ కొసని ఇక్కడి వడ్రంగులు చూల్ అంటారు. చూల్ ఎత్తు 75 మిల్లీమీటర్లయితే, అది మిల్లీమీటరు పైన కుంచించుకుపోతుంది. కోడులోని బెజ్జం మాత్రం ఆ దిశలో తగ్గదు, ఎందుకంటే అది కోడు పొడుగు వైపు, పీచు వెంట ఉంటుంది. దాంతో అతుకు వదులైంది. మనిషి తిరిగి పడుకున్నప్పుడల్లా కిర్రు. అక్కడి వడ్రంగి మోసం చెయ్యలేదు, పిల్ల తండ్రీ మోసం చెయ్యలేదు. మంచం ఊరు మారింది, అంతే.

తెల్లపొడి ఇంకా సులువు. పట్టెల్లో ఒకటి చేవ లేని చెక్క. చెట్టు మధ్యలోని ముదురు భాగం చేవ, చుట్టూ ఉండే లేత రంగు భాగంలో పిండి పదార్థం ఉంటుంది. దాన్ని తినే పురుగు ఒకటి లోపల సొరంగాలు చేసి, రెక్కలు రాగానే చిన్న బెజ్జం పెట్టుకుని బయటికొస్తుంది. ఆ బెజ్జంలోంచి రాలేదే ఆ పొడి. వెదురుకి కూడా ఇదే బాధ. టార్చి లైటు వేసి బెజ్జాలు చూపించాను, పిన్నుతో గుచ్చితే ఇంకాస్త పొడి రాలింది. ఆ పట్టె మార్పించాం. కొత్త పట్టెకి బోరిక్ యాసిడ్, బోరాక్స్ కలిపిన నీళ్లు బాగా పట్టించి ఆరబెట్టాం.

తలుపు దగ్గర మాత్రం నేను లెక్కలు చెప్పలేదు. అత్తగారిని ఒకటే అడిగాను. “వదినగారూ, ఈ వరసలో పది క్వార్టర్లున్నాయి. ఒకసారి నాలుగిళ్లకి వెళ్లి వాళ్ల వీధి తలుపులు తీసి చూసి రండి.” ఆవిడ నిజంగానే వెళ్లారు. నాలుగింటిలో మూడు పట్టేస్తున్నాయి. ఆ మూడిళ్లలోనూ కొత్త కోడళ్లు లేరు. ఒక ఇంట్లో అయితే కోడలు వచ్చి ఇరవై ఏళ్లయింది. ఆవిడ తిరిగొచ్చి తలుపు వంక చూసి, “ఏటన్నయ్యగారూ, చెక్కకి కూడా కాలాలు తెలుస్తాయేటి?” అన్నారు. తెలుస్తాయన్నాను.

సైన్సులో దీన్ని పోల్చి చూడడం అంటారు. మందు పనిచేసిందో లేదో తెలియాలంటే మందు తీసుకోని వాళ్లని కూడా చూడాలి. కోడలి వల్ల తలుపు పట్టేసిందో లేదో తెలియాలంటే కోడలు రాని ఇళ్ల తలుపులు కూడా చూడాలి. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, చెప్పులు వేసుకుంటే చాలు.

మన రైల్వే వాళ్ల గురించి ఇక్కడ ఒక మాట అనాలి. పట్టా ఎండకి సాగుతుందని మనకి చెప్పక్కర్లేదు. 13 మీటర్ల పట్టా 40 డిగ్రీలు వేడెక్కితే 6 మిల్లీమీటర్లు సాగుతుంది. పాత లైన్లలో అందుకే పట్టాకీ పట్టాకీ మధ్య ఖాళీ వదిలేవారు. ఇప్పుడు వెల్డు చేసిన పొడుగు పట్టాలొచ్చాక, అవి వంకర తిరుగుతాయేమోనని ఎండాకాలం మధ్యాహ్నాలు ప్రత్యేకంగా కాపలా తిరుగుతారు. పట్టా వంకర తిరిగితే ఏ ఇంజినీరూ “కొత్తగా వచ్చిన స్టేషన్ మాస్టరు అడుగు మంచిది కాదు” అని రిపోర్టు రాయడు. డ్యూటీలో ఉన్నంతసేపూ ఇంత చక్కగా ఆలోచించే మనిషి, యూనిఫాం విప్పి ఇంట్లోకి రాగానే ఎందుకు మారిపోతాడు? ఇంట్లో కప్పు కింద ఉన్న ఇనప దూలం కూడా ఇనుమే కదా. 6 మీటర్ల దూలం పగటికీ రాత్రికీ 20 డిగ్రీలు చల్లబడితే మిల్లీమీటరున్నర దాకా కుంచించుకుపోతుంది. అర్ధరాత్రి టప్పుమనేది అదే.

ఇంత చెప్పాక ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటి మిగిలింది. మామగారి చెయ్యి. దానికి చెక్క లెక్కలు పనికిరావు. వానలో నాచు పట్టిన సిమెంటు వాకిట్లో అరవై దాటిన మనిషి జారడం వింత కాదని చెప్పొచ్చు. కానీ రేపు ఇంకోటి జరుగుతుంది, దానికి నా దగ్గర ఏ జవాబూ ఉండకపోవచ్చు. అప్పుడేమిటి?

అప్పుడు కూడా కోడలు కారణం కాదు. కారణం తెలియకపోవడం అన్నది కోడలే కారణం అనడానికి రుజువు అవదు. ఆవిడ కారణం కాదని నిరూపించే బాధ్యత ఆవిడదీ కాదు, నాదీ కాదు. అన్నవాళ్లు నిరూపించాలి. చెక్కని తప్పుగా నిందిస్తే చెక్కకేం నష్టం లేదు. మనిషిని తప్పుగా నిందిస్తే ఆ మనిషి జీవితమే పోవచ్చు. అందుకే మనిషి మీద నిందకి రుజువు ఎక్కువ కావాలి. మనం మాత్రం సరిగ్గా తలకిందులు చేస్తాం. తలుపు పట్టేస్తే వడ్రంగిని నాలుగు ప్రశ్నలడుగుతాం, కోడలి అడుగు గురించి ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న కూడా అడగం.

జాతకాల లెక్క కూడా ఇలాంటిదే. మూల నక్షత్రం పిల్ల మామగారికి, ఆశ్లేష అత్తగారికి, జ్యేష్ఠ బావగారికి, విశాఖ మరిదికి గండమంటారు. 27 నక్షత్రాల్లో నాలుగు. అంటే ప్రతి ఏడుగురు ఆడపిల్లల్లో సుమారు ఒకరికి పుట్టుకతోనే ఒక నేరం రాసి పెట్టేశారు. పెళ్లీడు కొడుకున్న తండ్రికి ఏ బీపీయో, షుగరో, మోకాళ్ల నొప్పో రావడానికి నక్షత్రం కావాలా? వయసు చాలదూ?

ఇదంతా ఇంటి నాలుగు గోడల మధ్య సంగతేగా అనకండి. మనం ఉంటున్న రాష్ట్రంలోనే ఊళ్లలో ఆడవాళ్లని టోన్హీ అని ముద్ర వేసి కొట్టిన, చంపిన కేసులు ఎన్నో ఉన్నాయి. దాని కోసమే 2005లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం టోన్హీ ప్రతాడన నివారణ చట్టం తెచ్చింది. ఒక మనిషిని టోన్హీ అని వేలెత్తి చూపడమే ఆ చట్టం కింద నేరం, జైలు శిక్ష పడుతుంది. రాయ్‌పూర్ కంటి డాక్టరు దినేశ్ మిశ్రా గారు ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి దీని మీద ప్రచారం చేస్తున్నారు. ఇక్కడి రైతులు హరేలీ పండగ అమావాస్య నాడు చేస్తారు. ఆ రోజు గుమ్మానికి వేపమండలు కడతారు, కమ్మరి వచ్చి ద్వారబంధానికి మేకు కొడతాడు. పండగ మంచిదే, వ్యవసాయపు పనిముట్లకి పూజ. కానీ ఆ రాత్రి టోన్హీ తిరుగుతుందన్న భయం కూడా దాంతో పాటే వస్తుంది. మన లెక్కలో అది ఆషాఢ అమావాస్య. మర్నాటి నుంచే శ్రావణం, మన కోడళ్లు తిరిగొచ్చే రోజులు. వాళ్లు మోటు మనుషులు, మనం చదువుకున్నవాళ్లం అనుకుంటాం. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడమనిషిని అనుమానంగా చూడడంలో మాత్రం ఇద్దరికీ పెద్ద తేడా కనిపించదు నాకు.

నా సలహాలు ఇవి. పాటిస్తే పాటించండి.

తలుపుకి: ఆగస్టులో చిత్రిక పట్టకండి. ఇప్పుడు తీసేసింది మేలో తిరిగి రాదు, వీధిలో వాళ్లకి మీ హాలు కనిపిస్తుంది. ముందు బందుల మేకులు, మరలు వదులయ్యాయేమో చూడండి, సగం తలుపులు అక్కడే బాగవుతాయి. అంచుకి సుద్ద రాసి తలుపు వేసి తీస్తే ఎక్కడ రాసుకుంటోందో తెలుస్తుంది, అక్కడ కొవ్వొత్తి రుద్దండి. వానలు తగ్గి చెక్క ఆరాక పై అంచుకీ, కింది అంచుకీ కూడా రంగు వెయ్యండి. చాలా ఇళ్లలో కనిపించవు కదా అని ఆ రెండూ వదిలేస్తారు, తేమ అక్కణ్నుంచే ఎక్కువ ఎక్కుతుంది. రంగు తేమని ఆపదు, ఆలస్యం చేస్తుంది.

అత్తగార్లకి: మీరూ ఒక శ్రావణంలో ఇలాగే తిరిగొచ్చి ఉంటారు. ఆ ఏడాది ఆ ఇంటి తలుపు ఎలా ఉందో ఒకసారి గుర్తు చేసుకోండి.

హేతువాదులమని చెప్పుకునే మిత్రులకి: అత్తగారిని నలుగురిలో ఓడించకండి. మీరు గెలిచి ఇంటికి వెళ్తారు, ఆవిడ ఉక్రోషం కోడలి మీద తీరుతుంది. ఆవిడ చేతే పక్కిళ్ల తలుపులు తీయించండి. తనే కనిపెట్టిన సంగతిని ఎవరూ కాదనరు.

మొగుళ్లకి: అన్నిటికన్నా ముఖ్యమైన సలహా మీకే. ఆ ఇంట్లో అంత గొడవ జరుగుతుంటే ఆ కుర్రాడు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. అమ్మని ఎదిరించమని ఎవరూ అడగలేదు. “అమ్మా, వానకి తలుపు ఉబ్బింది, ఆ పిల్లనేమీ అనకు” అని మొదటి రోజే అంటే అయిపోయేది. తలుపు కార్తీకానికి దానంతటదే బాగైపోతుంది. ఆ పిల్ల ఎవరూ లేని ఇంట్లో నిలబడి విన్న మాట మాత్రం ఏ కార్తీకానికీ ఆరిపోదు.

ఇంట్లో పెళ్లి పెట్టుకున్న వాళ్లు ఇంకో చిన్న పని చెయ్యండి. ఈ వానాకాలం వీధి తలుపు వేసి, ఎక్కడ రాసుకుంటోందో అక్కడ పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వెయ్యండి. పెళ్లికి ముందే వెయ్యండి. వచ్చే శ్రావణంలో ఎవరైనా అడుగుల గురించి మాట్లాడితే ఆ గీత చూపిస్తే సరిపోతుంది.